షోరూం వెలుగే తెరకు చేటు

2010 ప్రాంతంలో ప్లాస్మా టీవీ కొనడం మధ్యతరగతి ఇంట్లో చిన్న విషయం కాదు. చాలామంది వాయిదాల మీదే కొన్నారు. యాభై అంగుళాల తెరను ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, గోడకు బిగించి, సెట్‌టాప్ బాక్సు తీగలు కలిపి, ఒక వార్తా చానల్ పెట్టి వెళ్లిపోయేవారు. తెర ధగధగా వెలిగేది. ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు. రిమోట్‌లో 'పిక్చర్' అనే మెనూ ఒకటుందని, ఆ సాయంత్రమే దాన్ని తెరవడం టీవీకి చేయగల పెద్ద మేలని చెప్పేవారు మాత్రం ఉండేవారు కాదు. ఏడాదో రెండేళ్లో గడిచేసరికి కొన్ని ఇళ్లలో తెర పైమూలన చానల్ లోగో నీడలా కనిపించడం మొదలయ్యేది. చానల్ మార్చినా ఆ నీడ కదలదు. టీవీ కట్టేసి మళ్లీ వేసినా పోదు. సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే, ఇది వారంటీ కిందికి రాదని, వాడకంలో లోపమని జవాబు వచ్చేది.

ప్రశ్నించాల్సింది ఆ మాటనే. తెర మీద పడే మచ్చ అకస్మాత్తుగా జరిగే ప్రమాదం కాదు. వెలుగునిచ్చే పదార్థం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా అరగడం వల్ల వచ్చే తేడా అది. ఆ తేడాను పెంచేవి ముఖ్యంగా రెండు: తెర ఎంత వెలుగుతోంది, ఒకే బొమ్మ ఒకేచోట ఎంతసేపు నిలుస్తోంది. మొదటిదాన్ని అవసరానికి మించి హెచ్చించి అమ్మి, రెండోదాన్ని మాత్రం వాడేవారి తప్పుగా చూపడం న్యాయం కాదు. ప్లాస్మా టీవీల తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. కానీ అదే సమస్య ఓఎల్ఈడీ టీవీల రూపంలో మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. అందుకే ఆ పాఠం ఇంకా పాతబడలేదు.

అరవై రెండు లక్షల బుల్లి ట్యూబ్‌లైట్లు

ప్లాస్మా తెర పనితీరు తెలియాలంటే ఇంట్లోని పాతకాలపు ట్యూబ్‌లైటును గుర్తు చేసుకుంటే చాలు. ట్యూబ్‌లో ఉన్న పాదరసం ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు అతినీలలోహిత కిరణాలు పుడతాయి. అవి కంటికి కనబడవు. గాజు లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్ అనే తెల్లటి పొడి వాటిని పీల్చుకుని, కనబడే వెలుగుగా మార్చి వదులుతుంది. ప్లాస్మా తెరలోనూ జరిగేది ఇదే. అక్కడ పాదరసానికి బదులు నియాన్, జినాన్ వాయువుల మిశ్రమం ఉంటుంది. విద్యుత్ పోటుకు ఆ వాయువు క్షణకాలం ప్లాస్మాగా మారుతుంది. జినాన్ నుంచి ప్రధానంగా 147, 173 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర అతినీలలోహిత కిరణాలు వెలువడి, ఫాస్ఫర్‌ను వెలిగిస్తాయి.

ఫుల్ హెచ్‌డీ ప్లాస్మా తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, అంటే 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్లు పూసిన మూడు గదులు. మొత్తం 62,20,800 గదులు. అంటే గోడకు వేలాడుతున్నది అరవై రెండు లక్షల బుల్లి ట్యూబ్‌లైట్ల చట్రం. ఈ గదుల్లో ఏదీ సన్నగా వెలగలేదు. వెలిగితే వెలుగుతుంది, లేదంటే ఆరిపోతుంది. వెలుగు ఎక్కువ కావాలంటే ఒక్కో దృశ్యం కనిపించే వ్యవధిలో ఎక్కువసార్లు మెరవాలి, తక్కువ కావాలంటే తక్కువసార్లు. కాబట్టి రిమోట్‌తో వెలుగు పెంచడమంటే ఆ గదుల్లో విద్యుత్ పోట్ల సంఖ్య పెంచడమే. ప్రతి పోటూ ఫాస్ఫర్ ఆయువులో ఎంతో కొంత తింటుంది.

ఈ తెర పుట్టింది టీవీ కోసం కాదు. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వారి విద్యార్థి రాబర్ట్ విల్సన్ 'ప్లేటో' అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ కోసం దీన్ని తయారుచేశారు. కంప్యూటర్ మెమరీ ఎంతో ఖరీదైన ఆ రోజుల్లో, ఒకసారి గీసిన బొమ్మను తనే గుర్తుపెట్టుకోగల తెర వారికి కావలసి వచ్చింది. గదుల గోడల మీద నిలిచే విద్యుదావేశంతో ప్లాస్మా తెర ఆ పని చేసింది. ఆ జ్ఞాపకం కరెంటు తీయగానే చెరిగిపోయేది. నలభై ఏళ్ల తర్వాత టీవీ యజమానులకు తలనొప్పి తెచ్చిన జ్ఞాపకం వేరు. అది ఫాస్ఫర్‌ది, అది చెరగదు.

కాలింది కాదు, అరిగింది

దీన్ని ఇంగ్లీషులో 'స్క్రీన్ బర్న్' అంటారు. ఈ పేరే కొంత తప్పుదారి పట్టిస్తుంది. తెర మీద ఏదీ కాలదు. గోడకు ఏళ్ల తరబడి వేలాడిన క్యాలెండరును తీసి చూస్తే, దాని వెనకున్న సున్నం కొత్తగా, చుట్టూ ఉన్నది వెలిసిపోయి కనిపిస్తుంది. గోడ మొత్తం ఒకే తీరుగా వెలిసిపోయి ఉంటే ఎవరూ గమనించేవారు కాదు. కంటికి దొరికేది అంచు దగ్గరి తేడా. తెర సంగతీ అంతే. లోగో ఉన్న చోట ఫాస్ఫర్ ఎక్కువగా పనిచేసి ఎక్కువ అరుగుతుంది, చుట్టుపక్కల తక్కువ అరుగుతుంది. తర్వాత తెర నిండా ఒకే రంగు వచ్చినప్పుడు లోగో ఆకారం మసకగా బయటపడుతుంది.

మూడు ఫాస్ఫర్లూ ఒకే వేగంతో అరగవు. ప్లాస్మా తెరల్లో అన్నిటికన్నా బలహీనమైనది నీలం. బేరియం, మెగ్నీషియం, అల్యూమినియం ఆక్సైడ్లలో యూరోపియం కలిపి చేసే ఆ పదార్థం వేడికి, అతినీలలోహిత కిరణాల తాకిడికి మిగతా రెండింటికన్నా త్వరగా లొంగుతుంది. అందుకే అరిగిన చోట మచ్చ మసకగా ఉండటమే కాక, కాస్త పసుపు వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. ప్లాస్మా తెర మీద కాసేపు కనిపించి పోయే నీడలన్నీ శాశ్వతమైన మచ్చలు కావు. క్రికెట్ మ్యాచ్ అయిపోయాక స్కోరు పట్టీ నీడ కొద్దిసేపు నిలిచి, వేరే కార్యక్రమం చూస్తుండగానే మాయమవుతుంది. గదుల లోపలి ఉపరితలం, ఆవేశం, వేడిలో వచ్చే తాత్కాలిక మార్పుల వల్ల కలిగేది అది. దానికి బెంబేలెత్తాల్సిన పని లేదు. ఎన్ని రోజులు వేరే దృశ్యాలు చూసినా పోకపోతేనే అది అరుగుదల.

లక్ష గంటల మాటలో దాగిన లెక్క

ప్లాస్మా టీవీలు అమ్మిన రోజుల్లో తయారీదారులు ఒక అంకెను గొప్పగా ప్రకటించేవారు. తెర వెలుగు సగానికి తగ్గడానికి మొదట 60 వేల గంటలు, తర్వాతి మోడళ్లలో లక్ష గంటలు పడుతుందని చెప్పేవారు. రోజుకు ఐదు గంటలు చూసినా లక్ష గంటలంటే యాభై ఏళ్ల పైమాట. అలాంటప్పుడు రెండేళ్లకే మచ్చ ఎందుకు పడాలి? కొన్నవారికి ఇది మోసంలా తోచడం సహజం.

అంకె అబద్ధం కాకపోవచ్చు, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. వెలుగు సగానికి తగ్గితే తప్ప మచ్చ కనబడదన్న నియమమేమీ లేదు. పక్కపక్కన ఉన్న రెండు భాగాల మధ్య అంచు స్పష్టంగా ఉంటే, వెలుగులో ఒకటి రెండు శాతం తేడాను కూడా మనిషి కన్ను పట్టేస్తుంది. ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూడొచ్చు. లక్ష గంటలకు సగమయ్యే వెలుగు క్రమంగా ఒకే నిష్పత్తిలో తగ్గుతుందనుకుంటే, 3,000 గంటలకు తగ్గేది సుమారు రెండు శాతం. రోజుకు ఐదు గంటలు ఒకే వార్తా చానల్ నడిచే ఇంట్లో 3,000 గంటలు నిండటానికి ఇరవై నెలలు చాలు. లోగో చుట్టూ ఉన్న భాగం కూడా కొంత అరుగుతుంది కాబట్టి తేడా ఇంతకన్నా తక్కువ ఉండొచ్చు. లోగో మిగతా దృశ్యం కన్నా ప్రకాశవంతంగా ఉంటే ఎక్కువా ఉండొచ్చు. లెక్క కచ్చితం కాకపోయినా, అది చెప్పే విషయం స్పష్టం. తెర ఆయువు లక్ష గంటలైనా, మచ్చ కొన్ని వేల గంటల్లోనే కనబడగలదు. పెట్టె మీద మొదటి అంకెను పెద్ద అక్షరాల్లో వేసి, రెండో సంగతిని యూజర్ మాన్యువల్ లోపలి పేజీల్లో చిన్న అక్షరాల హెచ్చరికగా వదిలేయడమే అసలు లోపం.

షోరూం కోసం పెట్టిన వెలుగు

షోరూం గోడ మీద ఒకదాని పక్కన ఒకటి ఇరవై టీవీలు వెలుగుతుంటాయి. పైన దీపాలు పట్టపగలు లాంటి కాంతిని కుమ్మరిస్తుంటాయి. ఆ వరసలో కొనేవారి చూపు ముందుగా పడేది అన్నిటికన్నా ఎక్కువ వెలిగే తెర మీద, అన్నిటికన్నా నీలంగా మెరిసే తెలుపు మీద. అందుకోసం ప్రతి టీవీలో 'వివిడ్' లేదా 'డైనమిక్' అనే ఒక స్థితి ఉంటుంది. ఇంట్లో రాత్రిపూట ఒక్క దీపం వెలుగులో చూసే తెరకు ఆ స్థితి అవసరం లేదు. అయినా ఎంతో కాలంపాటు చాలా టీవీలు ఇంటికి ఆ స్థితిలోనే, లేదా దానికి దగ్గరి స్థితిలోనే చేరేవి. ఇప్పుడు తొలిసారి ఆన్ చేసినప్పుడు 'ఇంటి కోసమా, దుకాణం కోసమా' అని అడిగే టీవీలు వచ్చాయి. అయితే బిగించడానికి వచ్చిన మనిషి హడావిడిలో ఏ బటన్ నొక్కాడో ఇంట్లోవారికి తెలియదు.

ఈ అదనపు వెలుగు వల్ల దక్కేదెంత, పోయేదెంత అన్నది భౌతికశాస్త్రం తేల్చగలదు. మనిషి కన్ను వెలుగును లెక్కగట్టే తీరు సూటిగా ఉండదు. తెర నుంచి వచ్చే కాంతిని సరిగ్గా సగం చేస్తే, కంటికి అది సగం మసకబారినట్టు అనిపించదు. కాంతి అనుభూతిని కొలవడానికి శాస్త్రవేత్తలు వాడే సున్నా నుంచి వంద వరకు ఉన్న ప్రామాణిక కొలమానంలో, కాంతి సగమైతే అనుభూతి 100 నుంచి సుమారు 76కు మాత్రమే తగ్గుతుంది. అంటే కంటికి తగ్గేది పావు వంతు. గదిలో దీపం తగ్గించి, కంటికి కాసేపు అలవాటు పడే సమయమిస్తే ఆ పావు కూడా స్ఫురించదు. మరి తెర వైపు లాభమో? ప్లాస్మాలో పోట్ల సంఖ్య సగమైతే అరుగుదల కూడా దాదాపు సగమవుతుంది. ఓఎల్ఈడీ పదార్థాల్లో లాభం ఇంకా ఎక్కువ. వెలుగు సగమైతే ఆయువు రెండింతలకు మించి పెరుగుతుంది. పైగా పెద్ద ప్లాస్మా టీవీ బాగా ప్రకాశవంతమైన దృశ్యానికి మూడు వందల వాట్ల పైచిలుకు తీసుకునేది. వెలుగు తగ్గితే కరెంటు బిల్లూ తగ్గుతుంది. ఇంత లాభం వచ్చే బేరాన్ని కొనేవారికి ఎవరూ చెప్పకపోవడమే వింత.

పది నిమిషాల పని

పిక్చర్ మెనూ అంటే చాలామందికి జంకు. ఆ జంకుకు మెనూలోని పేర్లే సగం కారణం. 'బ్రైట్‌నెస్' అంటే తెర వెలుగు అని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ప్లాస్మా టీవీల్లోనూ, చాలా ఇతర టీవీల్లోనూ అది నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది. తెలుపు ఎంత వెలగాలో నిర్ణయించేది 'కాంట్రాస్ట్'. కాబట్టి ప్లాస్మా తెర అరుగుదలను నేరుగా పెంచేది, తగ్గించేది కాంట్రాస్టే. ఓఎల్ఈడీ టీవీల్లో తెర వెలుగుకు మరో మీట వేరుగా ఉంటుంది.

కొత్త తెరకు మొదట చేయాల్సింది వివిడ్, డైనమిక్ స్థితుల నుంచి 'సినిమా' లేదా 'మూవీ' స్థితికి మార్చడం. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే పరిశ్రమ వేదిక 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అనే పేరుతో ఇలాంటిదే ఒక స్థితిని ప్రకటించింది. చాలా కొత్త టీవీల్లో అదీ ఉంటుంది. మార్చగానే తెర పసుపు పట్టినట్టు, మసకబారినట్టు అనిపిస్తుంది. వెంటనే పాత స్థితికి వెళ్లిపోవాలనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఓపిక పడితే కన్ను సర్దుకుంటుంది. ఆ తర్వాత పాత స్థితే నీలంగా, కంట్లో గుచ్చుకున్నట్టుగా తోస్తుంది. సినిమాలు, సీరియళ్లు తీసేవారు రంగులను సరిచూసుకునే తెలుపు సుమారు 6,500 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత దగ్గర ఉంటుంది. మెనూలో 'వార్మ్' అన్నది సాధారణంగా దానికి దగ్గర. 'కూల్' ఎంచుకుంటే రంగులు అసలుకు దూరమవడమే కాక, బలహీనమైన నీలం మీదే భారం పెరుగుతుంది.

తర్వాత రాత్రిపూట జరిగే సన్నివేశం ఒకటి పెట్టి బ్రైట్‌నెస్ సరిచేయాలి. నల్ల కోటు, నల్ల జుట్టు ఒకే ముద్దగా కలిసిపోతే అది తక్కువైనట్టు, చీకటి బూడిద రంగుకు తిరిగితే ఎక్కువైనట్టు. ఆపైన పగటి సన్నివేశంలో తెల్ల పంచె మడతలు, తెల్ల మబ్బుల అంచులు విడివిడిగా కనబడేదాకా కాంట్రాస్ట్ తగ్గించాలి. 'షార్ప్‌నెస్' పెంచితే వివరం పెరగదు. అక్షరాల చుట్టూ తెల్లటి గీత మాత్రం వస్తుంది. ఆ గీత పోయేదాకా దాన్ని తగ్గించడం మంచిది. ఇంతటితో పని అయిపోతుంది. దీనికి పరికరాలు అక్కర్లేదు, నిపుణులు అక్కర్లేదు.

కొత్త ప్లాస్మా తెర తొలి వంద గంటల మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది. కొత్త ఫాస్ఫర్ మొదట్లో కాస్త వేగంగా అరిగి తర్వాత నెమ్మదిస్తుంది కాబట్టి, ఆ గంటల్లో కాంట్రాస్ట్ తగ్గించి, తెర నిండా ఉండే కదిలే దృశ్యాలే చూడమనేవారు. ఆ సలహాలో అర్థముంది. అయితే కొందరు ఔత్సాహికులు టీవీ కొన్నాక వంద గంటలకు పైగా ఏమీ చూడకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు పలకలను మార్చి మార్చి నడిపించేవారు. వేల రూపాయలు పోసి కొన్న టీవీని పూజకు పెట్టినట్టే అది. మితమైన వెలుగులో రకరకాల కార్యక్రమాలు చూసినా తెర సమంగానే అరుగుతుంది. ఇంట్లోవారికి కాలక్షేపమూ అవుతుంది.

చానళ్ల వంతు

భారతదేశంలో ప్లాస్మా టీవీలకు వచ్చిన కష్టం కొంత ఇక్కడి ప్రసారాలదే. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో ప్రసారం చేసింది. కానీ అప్పటికి దేశంలోని చానళ్లలో అత్యధికం పాత పద్ధతిలో, 4:3 నిష్పత్తిలోనే వచ్చేవి. 16:9 తెర మీద అలాంటి దృశ్యం వెడల్పులో ముప్పాతిక భాగమే నింపుతుంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. ఆ పట్టీల్లో ఫాస్ఫర్ విశ్రాంతిగా ఉంటుంది, మధ్యలోది పనిచేస్తూ ఉంటుంది. క్యాలెండరు వెనక సున్నం కథే ఇది. నల్ల పట్టీ తెరకు హాని చేయదన్న నమ్మకం తప్పు. అందుకే కొన్ని ప్లాస్మా టీవీలు ఆ పట్టీలను బూడిద రంగులో చూపే వీలు కల్పించాయి. చూడటానికి బాగుండదు, కానీ అరుగుదల తేడా తగ్గుతుంది. చాలా ఇళ్లలో మనుషులు వెడల్పుగా కనబడినా సరే అని దృశ్యాన్ని సాగదీసి చూసేవారు. కళాదృష్టితో అది నేరమే అయినా, తెర ఆరోగ్యానికి మాత్రం మేలే చేసింది.

4:3 రోజులు పోయాయి. వార్తా చానళ్ల తెర మాత్రం మారలేదు, ఇంకా నిండిపోయింది. తెలుగు వార్తా చానల్ ఏదైనా పెట్టి చూస్తే పైమూలన లోగో, దాని పక్కన సమయం, కింద ఎర్రటి బ్రేకింగ్ పట్టీ, దాని కింద ఇంకో పట్టీ. అక్షరాలు పరిగెడతాయి, పట్టీ మాత్రం రోజంతా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇళ్లలో, టీ దుకాణాల్లో, ఆస్పత్రి వరండాల్లో ఉదయం నుంచి రాత్రి దాకా నడిచేది ఇదే.

ఇలాంటి దృశ్యం తెరను ఏం చేస్తుందో పరీక్షించి చూసినవారున్నారు. కెనడాకు చెందిన ఆర్‌టింగ్స్ అనే సమీక్షా సంస్థ 2018లో ఒకే రకం ఓఎల్ఈడీ టీవీలు ఆరింటిని తీసుకుని, రోజుకు 20 గంటల చొప్పున వేర్వేరు కార్యక్రమాలు నడిపించింది. రెండు టీవీల్లో సీఎన్ఎన్ వార్తా చానల్ పెట్టి, ఒకదాన్ని అత్యధిక వెలుగులో, మరోదాన్ని మధ్యస్థంగా 200 నిట్ల వెలుగులో ఉంచారు. లోగో, పట్టీల ముద్రలు రెండింటిలోనూ పడ్డాయి, కానీ ఎక్కువ వెలుగు పెట్టిన తెర ముందుగా, గట్టిగా దెబ్బతింది. రకరకాల కార్యక్రమాలు చూసే మామూలు ఇంటికి పెద్ద భయం లేదన్నది కూడా ఆ పరీక్ష చెప్పిన మాటే. ప్లాస్మా కాలంలో అనుభవం చెప్పిందే, కొత్త తెరల మీద మళ్లీ తేలింది.

ఒకే లోగోను, ఒకే ఎర్ర పట్టీని గంటల తరబడి నిలబెట్టే బదులు, కొన్ని నిమిషాలకోసారి పట్టీ తీసేయడం, లోగోను పారదర్శకంగా, తక్కువ వెలుగులో చూపడం చానళ్లకు సాంకేతికంగా కష్టం కాదు. అలా చూపే వినోద చానళ్లు ఇప్పటికే ఉన్నాయి. లక్షల ఇళ్ల తెరలను వాడుకునే సంస్థకు ఆ తెరల పట్ల కొంత బాధ్యత ఉండాలి.

గోడ స్విచ్ దగ్గర ఆగే చికిత్స

చవకైన, పలచనైన ఎల్‌సీడీ టీవీల పోటీకి తట్టుకోలేక 2013-14 మధ్య పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా ప్లాస్మా తయారీ నుంచి తప్పుకున్నాయి. ఎల్‌సీడీ తెరలో వెలుగు వెనకనున్న దీపాలది కాబట్టి, ఈ రకం అరుగుదల మచ్చ అక్కడ పెద్దగా బాధించదు. ఓఎల్ఈడీలో మాత్రం మళ్లీ ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే అరుగుతుంది. ఇక్కడా బలహీనమైనది నీలమే. ఓఎల్ఈడీ తెర ఉన్న పాత ఫోన్లలో కీబోర్డు గీతలు, పైనున్న గడియారం నీడలా కనిపించడం చాలామందికి అనుభవమే.

ప్లాస్మా అనుభవంతో తయారీదారులు కొన్ని జాగ్రత్తలు నేర్చారు. దృశ్యాన్ని కంటికి తెలియనంత అటూ ఇటూ జరపడం ప్లాస్మా రోజుల నుంచే ఉంది. కదలని లోగోను గుర్తించి అక్కడ వెలుగు తగ్గించడం తర్వాత వచ్చింది. వీటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. అనేక ఓఎల్ఈడీ టీవీలు మొత్తం నాలుగు గంటలు నడిచాక, రిమోట్‌తో కట్టేసినప్పుడు స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలపాటు తమ చుక్కలను కొలుచుకుని తేడాలను సరిచేసుకుంటాయి. అందుకు గోడ దగ్గర కరెంటు ఉండాలి.

ఇక్కడే మన ఇళ్ల మంచి అలవాటు అడ్డొస్తుంది. టీవీ కట్టేయడమంటే గోడ స్విచ్ తీసేయడమని పిల్లలకు నేర్పే దేశం ఇది. రిమోట్ నొక్కిన మరుక్షణం స్విచ్ తీసేస్తే ఆ సవరణ జరగదు. ఏళ్ల తరబడి ఇలాగే చేస్తే, తనను తాను కాపాడుకునే వీలున్న తెర కూడా కాపాడుకోలేదు. కరెంటు వృథా అన్న బెంగ ఉంటే లెక్క చూసుకోవచ్చు. స్టాండ్‌బైలో అర వాటు చొప్పున ఏడాదంతా ఖర్చయినా నాలుగున్నర యూనిట్లు దాటదు. అదీ వద్దనుకుంటే రిమోట్‌తో కట్టేశాక అరగంట ఆగి గోడ స్విచ్ తీయొచ్చు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్ పీకేయడం ఎటూ మంచిదే.

మచ్చ పడ్డాక చేసే వైద్యాల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. రాత్రంతా తెల్లటి తెర పెట్టడం, చుక్కలు మిణుకుమనే వీడియోలు నడిపించడం తాత్కాలిక నీడలను పోగొడతాయి. అరిగిన ఫాస్ఫర్‌ను మాత్రం అవి తిరిగి తేలేవు. మహా అయితే మిగతా తెరను కూడా అరగదీసి తేడాను తగ్గిస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇదే.

చెప్పవలసినవారు చెప్పాలి

2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కును కొనేవారికి ఇచ్చింది. ఆ హక్కుకు అర్థం ఉండాలంటే మూడు పనులు జరగాలి. టీవీ బిగించే మనిషి దాన్ని ఇంటి స్థితిలో పెట్టి, కట్టేసే పద్ధతి చెప్పి వెళ్లాలి. కదలని బొమ్మల వల్ల మచ్చ పడొచ్చని, అది వారంటీ కిందికి వస్తుందో రాదో, కొనే ముందే తెలుగులో, పెట్టె మీదే రాయాలి. కరెంటు వాడకానికి బీఈఈ నక్షత్రాల లేబుల్ ఉన్నట్టే, తెర ఏ వెలుగులో ఎన్ని గంటలు నడిస్తే ఎంత అరుగుతుందో చెప్పే ప్రామాణిక పరీక్ష ఒకటి ఉండాలి. ఈ మూడూ జరిగాక కూడా ఎవరైనా రోజంతా ఒకే చానల్‌ను అత్యధిక వెలుగులో నడిపిస్తే, అప్పుడు దాన్ని వాడకం లోపమనవచ్చు.

అప్పటిదాకా కొనేవారు తమ జాగ్రత్తలో తాము ఉండక తప్పదు. కొత్త తెర వచ్చిన సాయంత్రం వార్తలు పెట్టకముందే పిక్చర్ మెనూ తెరవాలి. షోరూం వెలుగును షోరూంకే వదిలేసి, ఇంటికి సరిపడే వెలుగు పెట్టుకోవాలి. ఆ పది నిమిషాలకు ఖర్చేమీ లేదు. పడ్డ మచ్చను పోగొట్టడానికి మాత్రం తెర మార్చడం తప్ప దారి లేదు.